ఏడు వేల నూట ఎనభై కిలోమీటర్లు

ఆఫీసులో అందరూ ఆయన్ని కిలోమీటర్లాయన అనేవారు. విమాన టికెట్లు అమ్మే ఆ ఇరుకు గదిలో ఇరవై ఆరేళ్లుగా అదే కుర్చీ, అదే గాజు బల్ల. ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎంత దూరమో, గాల్లో ఎన్ని గంటలో అడగడమే తరువాయి, టకటకా ఒప్పజెప్పేవాడు. వచ్చినవాళ్లందరికీ చెప్పే పాఠం మాత్రం ఒక్కటే.

"దిగే టైము అక్కడి గడియారం ప్రకారం ఉంటుందండీ. మీ వాచీ చూసి మీవాళ్లకి చెప్పారంటే, పాపం గంటల తరబడి పడిగాపులు పడతారు."

ఆ మంగళవారం పొద్దున బావ ఫోన్ చేశాడు. అక్కకు గుండె ఆపరేషన్.

"డాక్టర్లు గట్టిగా ఏం చెప్పట్లేదురా. లోపలికి తీసుకెళ్లేముందు నిన్నోసారి చూడాలంటోంది. రేపు రాత్రి దాకా అయితే ఆగొచ్చట. నువ్వెన్నింటికి దిగుతావో చెప్పు, దాన్నిబట్టి టైము పెట్టిస్తా."

అక్క ఉండే ఊరికి ఏడు వేల నూట ఎనభై కిలోమీటర్లు, తొమ్మిది గంటలు. విమానం ఉదయం ఏడింటికి.

"నాలుగింటికి దిగుతా బావా."

"అయితే ఆరింటికి పెట్టమంటా."

వేరే ఎవరైనా టికెట్ చూసి చెప్పేవారు. అన్నీ నోటికొచ్చిన మనిషికి కాగితం చూడాల్సిన ఖర్మేంటి!

మర్నాడు విమానం కిందికి దిగుతుండగా మైకులో చెప్పారు. అక్కడి సమయం సాయంత్రం ఏడూ పది. ఆయన వాచీలో మూడూ నలభై. రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. అక్కను ఆరింటికే లోపలికి తీసుకెళ్లి ఉంటారు. గుండె గుభేలుమనాలి. అనలేదు. దుప్పటి మడతపెట్టి ముందున్న సంచిలో పెట్టాడు. పక్క సీటావిడ బెల్టు పడటం లేదంటే బిగించి ఇచ్చాడు. విమానం అయిదు నిమిషాలు ముందే దిగింది.

ఆసుపత్రి వరండాలో బావ బెంచీ మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. చేతిలో అక్క కళ్లజోడు. దాన్ని చూడగానే ఆయనకు అర్థమైంది. వెళ్లి పక్కన కూర్చున్నాడు. ఏడుపు కోసం కాసేపు చూశాడు, రాలేదు.

"మధ్యలోనే గుండె ఆగిపోయిందిరా," అన్నాడు బావ. "స్ట్రెచర్ మీద కూడా తలుపు వంకే చూసింది. తమ్ముడు రాలేదేంటి, రాలేదేంటి అని ఒకటే గొడవ. విమానం లేటయి ఉంటుందే, నీ తమ్ముడు లెక్క తప్పే మనిషి కాదు అని సర్దిచెప్పా." తలెత్తి బావమరిది ముఖంలోకి చూశాడు. "లేటయిందా?"

"అవును బావా," అన్నాడాయన. "లేటయింది."