మూర్తిగారి ఏడు గోతులు

పద్దెనిమిదేళ్ళుగా ఒక మాట నా గుండెల మీద కూర్చుని ఉంది. "చూడలేదు." ఇంతే ఆ మాట. ఒక పెద్దమనిషి నన్ను నమ్మి ఒకటి అడిగారు, నేను ఈ మాట అన్నాను, అక్కడితో ఆయన బతుకు వేరే దారి పట్టింది. చేసిన పాపం చెప్పుకుంటే పోతుందంటారు. పోతుందన్న ఆశ నాకేం లేదు. మోయడం చేతకాక దింపుతున్నాను, అంతే. ఇంట్లో లలితకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు.

ఇంకొకటి కూడా ముందే చెప్పేస్తాను. నా కోపం ఇంకా చల్లారలేదు. పోయిన మనిషి మీద కోపమేంటి, సిగ్గు లేదూ అని మీరడగొచ్చు. నన్ను నేనే అడుగుతుంటాను. సిగ్గుంది. కోపమూ ఉంది. రెండూ ఒకే కంచంలో తింటున్నాయి.

రెండువేల అయిదు, ఆరు నాటి సంగతి. మేము డునెడిన్‌లో, ఆక్లండ్‌కి బాగా దక్షిణాన ఉన్న ఊళ్ళో, ఉండేవాళ్ళం. నేను ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేసేవాణ్ణి. మూర్తిగారు ఊళ్ళో ఒక మందుల షాపులో ఫార్మసిస్టు. తెనాలి వైపు మనిషి, నాకంటే పాతికేళ్ళు పెద్ద. చుట్టరికం ఏమీ లేకపోయినా నేను బాబాయిగారూ అనేవాణ్ణి, ఆయన ఒరేయ్ అబ్బాయ్ అనేవారు. వారం విడిచి వారం ఇద్దరం ఒకే కార్లో సెంట్రల్ ఒటాగో కొండల్లోకి రెండు గంటల పైన డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళేవాళ్ళం. ఎందుకనుకున్నారు? బంగారం వెతకడానికి. నవ్వకండి. ఎప్పుడో ముత్తాతల కాలంలో అక్కడ బంగారం కోసం జనం విరగబడ్డారు. వాళ్ళ కంట పడని ముక్కలు ఇంకా మట్టిలో ఉన్నాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, డిటెక్టర్‌ని చీపురుతో ఊడ్చినట్టు నేల మీద అటూ ఇటూ ఊపుతూ నడవాలి. కింద లోహం ఉంటే చెవిలో కూత మారుతుంది. తవ్వితే ఎక్కువగా దొరికేది తుప్పు పట్టిన మేకు, లేదంటే ఎవడో కుందేలు మీద పేల్చిన తూటా.

నా ఆశ బంగారం. ఆయన ఆశ వేరు. ఉల్క. ఆకాశం నుంచి పడ్డ ఇనప రాయి. దారానికి కట్టిన అయస్కాంతం ఒకటి ఎప్పుడూ ఆయన జేబులో ఉండేది. ఎక్కడ నల్లరాయి కనిపించినా దాని ముందు వేలాడదీసి, దారం కదులుతుందా లేదా అని ఊపిరి బిగబట్టి చూసేవారు. రాన్ అని ఒక ముసలి రైతు, గొర్రెలు పెంచేవాడు, అతని భూముల్లో మేం తిరిగేవాళ్ళం. రాన్ తండ్రి చిన్నప్పుడు ఒక సాయంత్రం నిప్పుముద్ద ఒకటి వెనక బీడులో పడటం చూశాడట. ఆ కథ విన్నప్పటినుంచి మూర్తిగారికి ఆ వెనక బీడే కాశీ, అదే రామేశ్వరం. రాన్ అందులోకి ఇంకెవరినీ అడుగు పెట్టనిచ్చేవాడు కాదు. నన్ను కూడా. ఆయన్ని మాత్రం రానిచ్చాడు, ఎందుకంటే మూర్తిగారు తవ్విన ప్రతి గొయ్యీ పూడ్చేవారు. మట్టి నింపి, గడ్డిపెళ్ళ తిరిగి పరిచి, బూటుతో తొక్కి, మీద ఒక పలకరాయి పెట్టేవారు, మళ్ళీ అక్కడే తవ్వకుండా గుర్తుకి. పూడ్చని గోతిలో గొర్రె కాలు పడితే పుటుక్కున విరుగుతుంది. మా పనిలో అంతకు మించిన తప్పు లేదని నాకు నేర్పింది ఆయనే.

ఇంకొకటి కూడా ఆయనే నేర్పారు. కూత వినిపించిన చోట బూటు మడమతో గీత గీస్తే అది గీసినవాడిది. పక్కవాడు ఆ గీత దాటకూడదు. దాహంతో చచ్చిపోతున్నా దాటకూడదు అనేవారు, వేలు చూపించి మరీ.

రెండేళ్ళు తిరిగాను నేను. మేకులు, తూటాలు, ఒకసారి గుర్రపు నాడా. లలిత ఏడిపించేది, "ముక్కుపుడకకి సరిపడా తెచ్చి చూపించు, చాలు," అని. ఆ మార్చిలో వాగు పక్కన నడుస్తుంటే చెవిలో సన్నగా, లోతు నుంచి వచ్చినట్టు ఒక కూత. మేకు అలా కూయదు. పార అందుకున్నాను. మట్టి మీద మట్టి తీస్తున్నాను, సరిగ్గా అప్పుడే బ్యాటరీ చచ్చిపోయింది. చుట్టూ గీత గీశాను. ఆయనకి కేక వేసి చెప్పాను కూడా. చెయ్యి ఊపారు. గేటు దాకా పోయి, కార్లోంచి బ్యాటరీ తెచ్చుకునేసరికి మూర్తిగారు నా గీత మధ్యలో మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు. అరచేతిలో చింతగింజంత బంగారం. "బంగారానికి గీతలు తెలీవురా అబ్బాయ్!" అన్నారు. నవ్వారు. జేబులో వేసుకున్నారు.

నేనేమన్నాను? ఏమీ అనలేదు. పెద్దవారు కదా. ఇంగ్లీషువాడైతే కాలర్ పట్టుకునేవాణ్ణి. మన పెంపకం అలాంటిది, నోట్లో మాట నోట్లోనే ఇంకిపోతుంది.

అక్కడితో ఆగినా సరిపోయేదేమో. ఉగాదికి మనవాళ్ళంతా ఒక హాల్లో కలిశారు. పచ్చడి చేతికివ్వగానే ఆయన కథ మొదలుపెట్టారు. "వీడు బ్యాటరీ కోసం వెళ్ళాడు, బంగారం నాకోసం వచ్చింది!" హాలు గొల్లుమంది. మేకుకీ బంగారానికీ తేడా తెలియనివాడు దొరికాడండీ నాకు అని కూడా అన్నారు. వాళ్ళమ్మాయి మెడలో అప్పటికే లాకెట్. నా చింతగింజ. లలిత తల వంచుకుని చెంచాతో పచ్చడి కెలుకుతూ కూర్చుంది. ఇంటికొచ్చేటప్పుడు కార్లో, "పోనిద్దూ, ముక్కుపుడక లేకపోతే ముక్కేం ఊడిపోదు," అంది. ఆ మాటతో నాకు ఒళ్ళంతా కారం రాసినట్టయింది. ఆమె తిట్టి ఉంటే ఇంత మండేది కాదు.

ఆ తరవాత కూడా ఆయనతో వెళ్ళాను. అదే కారు, అదే ఫ్లాస్కు, అదే పులిహోర. మనసులో మాత్రం ఆయన్ని వాడు అనుకునేవాణ్ణి. పగ పాముకే ఉంటుందనేవాళ్ళు నన్ను చూడలేదు. అయిదు నెలలు ఆగాను.

ఆగస్టు చివర. చూలు గొర్రెలు ఈనడానికి ఇంకా కొన్ని వారాలున్నాయి. శనివారం మూర్తిగారు వెనక బీడులో ఏడు గోతులు తవ్వారు. నేను కంచెకి అవతల గట్టు మీద ఉన్నాను. ఏడూ పూడ్చారు. ఏడు రాళ్ళు పెట్టారు. చివరి రాయి పెట్టాక నడుం పట్టుకుని లేచి, నా వైపు చూసి చెయ్యి ఊపారు. నేనూ ఊపాను. సాయంత్రం రాన్ మాతో, రేపు మధ్యాహ్నం గొర్రెల్ని ఆ బీడులోకి తోలుతానన్నాడు. అది నేను విన్నాను. విన్నానని ఇక్కడ రాస్తున్నాను.

ఆదివారం పొద్దున్న టౌన్‌లో మేం దిగిన క్యాబిన్‌లో ఆయన ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతున్నారు. నా ఫ్లాస్కు గట్టు మీద మర్చిపోయాను, తెచ్చుకుంటానని కారు తాళాలు తీసుకున్నాను. గడ్డి మీద మంచు తెల్లగా ఉంది. రాన్ ఇంటి పొగగొట్టంలోంచి పొగ వస్తోంది గాని మనిషి అలికిడి లేదు. నిన్న తవ్విన మట్టి, పార పెట్టగానే మెత్తగా లేచింది. ఏడు గోతులూ మళ్ళీ తెరిచాను. రాళ్ళు విసిరెయ్యలేదు. ఒక్కొక్కటీ దాని గోతి పక్కనే జాగ్రత్తగా పెట్టాను, తెచ్చుకున్న మనిషి పెట్టడం మర్చిపోయి వెళ్ళిపోయినట్టుగా. ఆ తెలివి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు.  తిరిగొచ్చి రెండుసార్లు వడ్డించుకుని ఉప్మా తిన్నాను. తిన్నాక ఇద్దరం ఇంటి దారి పట్టాం.

ఏం కోరుకున్నాను నేను? ఆ గేటు ఆయన మొహం మీద మూసుకోవాలని. నలుగురిలో ఆయన తల వంగాలని, నా భార్య తల వంగినట్టు. అంతేనా? గొర్రె కాలు విరుగుతుందని తెలియదా? తెలుసు. గొర్రె గురించి ఆలోచించానా? లేదు. నా మొహమే నా కళ్ళకి అడ్డం.

సోమవారం రాన్ ఫోన్ చేశాడట. ఒక చూలు గొర్రె గోతిలో పడింది. తుపాకీతో కాల్చెయ్యాల్సొచ్చింది. మూర్తిగారు నేను పూడ్చానయ్యా అన్నారట. వచ్చి చూడమన్నాడు. ఒక్కరే అంత దూరం వెళ్ళి చూశారు. రాన్ అరవలేదు, తిట్టలేదు. చెయ్యి కలిపి, ఇక రావద్దన్నాడు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం ఆయన మా ఫ్లాట్‌కి వచ్చారు. కుర్చీ చివర కూర్చున్నారు. ఎప్పుడూ కాళ్ళు చాపుకుని కూర్చునే మనిషి.

"ఒరేయ్ అబ్బాయ్, నువ్వు గట్టు మీదే ఉన్నావు కదా. నేను గోతులు పూడ్చడం చూశావా?"

నేను బల్ల మీది పేపరు మడతపెట్టాను.

"పూడ్చినట్టే గుర్తురా. మట్టి తొక్కడం, రాయి పెట్టడం కళ్ళకి కడుతోంది. కానీ ఇన్నేళ్ళలో వేల గోతులు పూడ్చాను. ఈ గుర్తు ఆ రోజుదో, ఇంకే రోజుదో! రాళ్ళు పక్కనే ఉన్నాయి. తెచ్చుకుని, పక్కన పెట్టుకుని, లేచి వచ్చేశానన్నమాట. నువ్వు చూశానంటే చాలు, నా బుర్ర బాగానే ఉన్నట్టు. చెప్పరా, చూశావా?"

"చూడలేదు బాబాయిగారూ."

ఆయన తల ఊపారు. చాలాసేపు ఊపుతూనే ఉన్నారు.

"మా నాన్నకీ అరవై దాటకుండానే ఇలాగే మొదలైంది. ముందు నూతి మీద మూత వెయ్యడం మర్చిపోయేవాడు. ఆఖరికి నన్ను చూసి ఎవరు బాబూ నువ్వు అన్నాడు." లలిత తెచ్చిన కాఫీ పట్టుకుని అలాగే కూర్చున్నారు. "షాపులో రిజైన్ చేసేస్తాను. ఇవాళ గొర్రె. రేపు ఎవరి బిడ్డో. ఒక మందుకి బదులు ఇంకో మందు ఇస్తే?"

నేను ఇలా అవుతుందని అనుకోలేదు. ఒట్టు. మాట తప్పాడంటారనుకున్నాను, నిర్లక్ష్యం అంటారనుకున్నాను. తన బుర్రనే తను అనుమానించుకుంటారని నా ఊహకి కూడా రాలేదు. అప్పుడైనా నోరు తెరవొచ్చు కదా? కాఫీ చల్లారేంత సమయం ఉంది. తెరవలేదు. ఎందుకో చెప్పనా? భయం వల్ల కాదు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నానని మీరనుకుంటారు, అదీ కాదు. నాకు హాయిగా ఉంది. ఆరు నెలల మంట మీద చెంబుడు నీళ్ళు కుమ్మరించినట్టు హాయిగా ఉంది. అదే నేను ఒప్పుకోవాల్సిన అసలు సంగతి. గోతులు తవ్వింది కోపం. ఆ మాట అన్నది మాత్రం నేను, నిమ్మళంగా, ఆయన కళ్ళలోకి చూస్తూ.

రిజైన్ చేశారు. డాక్టరు పరీక్షలన్నీ చేసి అంతా బాగానే ఉందన్నాడు. మొదట్లో పరీక్షల్లో దొరకదులే అన్నారు ఈయన. వెళ్ళిపోయే ముందు తన డిటెక్టర్ తెచ్చి నా చేతిలో పెట్టారు. అయస్కాంతం కూడా, దారంతో సహా. "ఆ బీడులో ఈశాన్యం మూల ఒక్కటే మిగిలిందిరా. రాన్ నిన్ను రానిస్తాడేమో చూడు," అన్నారు. నేను అడగలేదు. ఆ గేటు దాకా కూడా మళ్ళీ పోలేదు. డిటెక్టర్ గరాజ్‌లో గోనెసంచిలో చుట్టి ఉంది.

ఒక్కసారైనా ఆయన నన్ను అనుమానించలేదు. దానికీ నాకు కోపమే. ఆ గీత దాటినప్పుడు నన్నెంత కోశారో తెలిసిన మనిషైతే ముందు నన్నే అనుమానించేవారు. తెలియదన్నమాట. ఆయనకదొక విషయమే కాదు, ఉగాది నాటి జోకు. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారని సామెత. ఉత్తదే. నేను తీసిన గోతిలో గొర్రె పడింది, ఆయన పడ్డారు. నేను గట్టు మీదే ఉన్నాను.

వాళ్ళు ఆక్లండ్‌లో, శాండ్రింగ్‌హామ్‌లో, కూతురింటికి మారిపోయారు. మూడు నాలుగుసార్లు వెళ్ళి చూశాను. చొక్కా జేబులో చిన్న పుస్తకం పెట్టుకునేవారు. గ్యాస్ కట్టేశాను, టిక్కు. తలుపు తాళం వేశాను, టిక్కు. బీపీ మాత్ర వేసుకున్నాను, టిక్కు. కారు నడపడం మానేశారు. మనవణ్ణి ఎత్తుకుని రోడ్డు మీదకి వెళ్ళేవారు కాదు, ఎక్కడైనా వదిలేసి వస్తానేమోనని.

కిందటి చలికాలం గుండెపోటుతో పోయారు. పదో రోజుకి వెళ్ళాను. పిన్నిగారు నా చెయ్యి పట్టుకుని, "ఆఖరిదాకా అన్నీ గుర్తే నాయనా. నీ పెళ్ళిరోజు కూడా చెప్పేవారు. మతిమరుపు వస్తుందని భయపడుతూ భయపడుతూనే పోయారు. అది రానేలేదు," అన్నారు. అమ్మాయి కాఫీ తెచ్చింది. వంగి ఇస్తుంటే మెడలో లాకెట్ ముందుకి ఊగింది. చావింట్లో, పిన్నిగారి చెయ్యి ఇంకా నా చేతిలో ఉండగా, నేను చూసింది దాన్ని. నా చింతగింజ, అనుకున్నాను. నేను అలాంటివాణ్ణి. కాఫీ తాగి, వెళ్ళొస్తానని చెప్పి వచ్చేశాను. చెప్పాల్సింది చెప్పలేదు.

క్షమించమని ఎవరినీ అడగను. అడగాల్సిన మనిషి లేరు, ఉన్నా అడిగేవాణ్ణో కాదో. కాని ఆయన నన్నొకటి అడిగారు. జవాబు బాకీ ఉండిపోయింది. ఎవరో ఒకరి ముందు అది చెప్పేస్తే ఈ రాత్రికి అన్నం సయిస్తుందేమో.

పూడ్చారు బాబాయిగారూ. ఏడూ పూడ్చారు. ఏడింటి మీదా రాళ్ళు పెట్టారు. నేను చూశాను.