సిరాగొడుగులూ, మా బావ ఆదివారమూ

ఈ మధ్య గొడుగులు మరీ నాసిగా వస్తున్నాయి. బొత్తాం నొక్కితే బట్ట ఒకవైపు, ఊచలు ఒకవైపు పోతాయి. పట్టుకున్నవాడు మధ్యలో తడుస్తూ నిలబడాలి. అమ్మినవాణ్ణి అడిగితే "గాలిలో తెరవకూడదు సార్" అన్నాడు. గాలీ వానా లేనప్పుడు బాగానే పనిచేస్తుందని నేనూ ఒప్పుకున్నాను.

ఆషాఢంలో ఒక ఆదివారం పొద్దున్న, పార్కులో నడుస్తుంటే ఆ గొడుగు అలాగే విచ్చిపోయింది. చేసేది లేక చెట్టుకింద నిలబడి, అలవాటు ప్రకారం నేల చూశాను. డిగ్రీలో బోటనీ చదివాను. దానివల్ల ఉద్యోగం రాలేదు, అందులో దాని తప్పేమీ లేదు. ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేసుకుంటూ, వానలు పడగానే పార్కుల్లోనూ ఊరి బయట సరుగుడు తోటల్లోనూ వంగి వంగి పుట్టగొడుగులు చూస్తూ తిరుగుతాను. నాతో నడిచేవాళ్ళు మొదట్లో ఏదో పారేసుకున్నాననుకుని తామూ వెతికేవారు. తర్వాత మానేశారు.

అక్కడ గాలివానకి కూలిన నిద్రగన్నేరు మొదలు భూమిలోనే ఉండిపోయింది. దాని చుట్టూ గుంపుగా లేచాయి: గుడ్డులాంటి ఆకారం, నున్నటి బూడిదరంగు టోపీ, లోపల బోలుగా ఉండే కాడ. ఇంగ్లీషువాళ్ళు ఇంక్ క్యాప్ అంటారు. తెలుగులో పేరున్నట్టు నాకు తెలియదు కనక సిరాగొడుగు అని నేనే పెట్టుకున్నాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, ఎవరూ వాడనూ లేదు. ముదిరితే టోపీ అంచు నుంచి కరిగి, నల్లటి సిరాలా కారిపోతుంది. చూసినవాడు జన్మలో మరిచిపోడు. అయితే ఆ గుంపులో సగం అప్పటికే ఎవరో తెంపుకుపోయారు.

ఆ ఎవరో ఎవరన్నది నా ఫోన్ మోగాక తెలిసింది. మా అక్క భర్త, బెల్లం వ్యాపారి.

"ఒరే బావమరిదీ! పార్కులో పుట్టకొక్కులు దొరికేయిరా. భోజనానికి వచ్చీయ్. మీ అక్క మసాలా నూరతంది."

మావైపు పుట్టకొక్కులంటే తొలకరి వానలకి చెదపుట్టల మీద లేచేవి. ఆ కూర ఉన్నరోజు మాంసం జోలికి ఎవరూ వెళ్ళరు. లేతగా ఉన్నప్పుడు అవీ గుడ్డులాగే ఉంటాయి గనక బావది మర్యాదస్తుడు చేయగలిగిన పొరపాటే. చిక్కల్లా ఏమిటంటే, ఆదివారం కూర పక్కన బావకి రెండు పెగ్గులుండాలి. సిరాగొడుగుల్లో ఒక రకం ఉంది, దానికి మందంటే పడదు. రెండూ కడుపులో కలిస్తే మొహం కందిపోయి, గుండె దడదడలాడి, వాంతులు పట్టుకుంటాయి. తిన్న రెండు మూడు రోజుల తర్వాత తాగినా అంతే. బావకి బీపీ కూడా ఉంది. వానలోనే బండి తీశాను.

వెళ్ళేసరికి సీసా బల్లమీద ఉంది, మూత తీయలేదు. మధ్యాహ్నం కాకుండా ముట్టడు. ఆయనకి నియమాలున్నాయి.

"బావా, ఇవి పుట్టకొక్కులు కావు."

"మరేటి, కాలీఫ్లవరా?"

"పుట్ట ఏదీ?"

"పార్కులో పుట్ట ఉంచుతారేట్రా?"

"పుట్టకొక్కుకి కింద పొడుగ్గా వేరులాంటిది పుట్టలోకి దిగి ఉంటుంది. వీటికేదీ?"

"తెంపుకొచ్చేను కదా, వేరెక్కణ్ణించి వత్తాది?"

"పోనీ కాడ చూడు, బోలుగా ఉంది. పుట్టకొక్కు కాడ గట్టిగా ఉంటుంది."

"లేతయి, అలాగే ఉంటాయి. మా చీడికాడ ఊరి పొలాల్లో తట్టలు తట్టలు ఏరినోణ్ణి నేను. నువ్వు పుస్తకంలో సూసేవు, నేను నోట్లో సూసేను."

ఇక్కడ చదువు ఓడిపోయిందని నిజాయితీగా రాయాలి. లోపల అక్క మూకుడులో నూనె పోసేసింది.

"అక్కా, ఒక్క రెండు గంటలు స్టవ్ కట్టేయ్. బాగా విచ్చింది ఒకటి పళ్ళెంలో పెడతాను. నేను చెప్పిన రకమైతే నల్లటి సిరాలా కరిగిపోతుంది. మధ్యాహ్నానికి ఇలాగే ఉంటే మొదటి ముద్ద నేనే తింటాను."

"కరిగితే?" అంది అక్క.

"కరిగితే మొత్తం పారబోయాలి."

బావ ఒప్పుకున్నాడు. నాకు మొదటి ముద్ద పెట్టాలన్న ఉత్సాహంతో ఒప్పుకున్నాడనిపించింది. తర్వాత పేపరు చదువుతూ మధ్యమధ్య లేచొచ్చి పళ్ళెం చూసి వెళ్ళేవాడు.

"ఏరా, ఇంకా సిరా రాలేదేటి? కనెక్షన్ ఇవ్వలేదా?"

నేను నవ్వాను. వానకి చల్లబడింది కదా, కరగడం ఆలస్యమైతే ఏం తినాల్సివస్తుందోనని లోపల చిన్న ఆలోచన ఉండేది.

ముందు టోపీ అంచున కాటుక గీసినట్టు సన్నటి నల్లగీత వచ్చింది. కాసేపటికి అంచు పైకి చుట్టుకుంది. తర్వాత ఒక చుక్క, దాని వెనక ఇంకోటి, స్టీలు పళ్ళెంలో నల్లగా. నేను మరీ అంత సంతోషించలేదు. ఊరికే వంటింట్లోకి రెండుసార్లు వెళ్ళొచ్చాను, వీధిలోకి ఒకసారి. అగ్గిపుల్ల ముంచి, చిరిగిన క్యాలెండరు కాగితం వెనక "బావ" అని రాశాను. దీర్ఘంతో సహా వచ్చింది.

బావ వంగి చూశాడు. వేలితో రాసి చూశాడు. వేలు నల్లగా అయింది.

"ఒరే, నిజంగా ఇంకేరా!"

ఇవి మందుతో కలిస్తే ఏమవుతుందో అప్పుడు చెప్పాను. కొక్కులన్నీ ఆయనే స్వయంగా పారబోసి, చేతులు సబ్బుతో కడుక్కుని, ఫోన్ అందుకున్నాడు. "మా బావమరిది లేపోతే ఈపాటికి ఆస్పత్రిలో ఉందును" అని వాకింగు బ్యాచి మొత్తానికీ చెప్పాడు. మొదటి ఫోనులో నేను బోటనీ చదివినవాణ్ణి. నాలుగో ఫోనుకి సైంటిస్టునయ్యాను. పక్కవీధి వాళ్ళు ముగ్గురు వానలో వచ్చి పళ్ళెం చూశారు. ఒకాయన వెనక్కి వెళ్ళి కళ్ళద్దాలు తెచ్చుకుని మళ్ళీ చూశాడు. ఇన్నేళ్ళుగా నేల చూపులు చూసినందుకు నాకు దక్కిన సన్మానం అది. శాలువా ఒక్కటే తక్కువ.

భోజనంలో వంకాయ కూర. బావ నిశ్చింతగా గ్లాసు నింపుకున్నాడు. అక్క వడ్డిస్తూ అడిగింది.

"ఇంతకీ ఆ కొక్కులు మందు లేకుండా తింటే ఏటవుద్దిరా?"

"నేననుకున్న రకమే అయితే ఏమీ కాదంటారక్కా. కచ్చితంగా తేల్చాలంటే మైక్రోస్కోపు కావాలి. తంటా అంతా మందు కలిస్తేనే."

అక్క గరిటె పట్టుకుని బావ గ్లాసు వైపు చూసింది, తర్వాత నావైపు చూసింది.

"అయితే కొక్కులు పారబోయించి, ఆ సీసా మాత్రం వదిలేసేవేట్రా?"