యాభయ్యో రోజు

జగ్గయ్యపేటలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న ముసలామె ఒళ్లో గుడ్డమూట ఉంది. కొత్త జొన్నలతో చేసిన రెండు రొట్టెలను కోత పండుగ కానుకగా చెల్లెలి చర్చికి తీసుకెళితే, పాస్టరు తిప్పి పంపాడట.

"పస్కా పండగ మర్నాటి నించి లెక్కేస్తే ఇయ్యాల యాభయ్యో రోజు, కోత పండగ బాబూ. వాళ్లేమో పస్కా తర్వాతొచ్చే ఆదివారం నించి లెక్కేస్తారంట. పండగ్గాని రోజు తెచ్చింది దేవుడికి పనికిరాదన్నాడు. మా చెల్లెలు తల దించుకుని నిలబడిందే గానీ లోపలికి రమ్మన్లేదు."

ఆ పాస్టరంటే అసహ్యం వేసింది. "ఎంత అన్యాయమండీ," అన్నాను.

నందిగామ దగ్గర పడుతుండగా ఆమె మూట విప్పి ఒక రొట్టె నా చేతిలో పెట్టింది.

"నువ్వన్నా తిను బాబూ. పారేయడానికి చేతులు రావట్లా."

మా చర్చి సంఘంలో కూడా ఆ ఆదివారం లెక్కను బోధించేది నేనే. ఆ మాట దాచి రొట్టె తిన్నాను. ఇప్పటికీ తలచుకుంటే నా మీద నాకే రోత పుడుతుంది.