ఇంటిల్లిపాదీ సంతకం

మా పాత ఇంటి ఓనరు పోయారని మొన్న పొద్దున ఆయన కోడలు ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే పోయారట. "ఏ గిన్నె ఏ కుక్కదో మాకెవ్వలకు తెల్వదు టీచరమ్మా, అన్నీ కొట్లాడుకుంటున్నయి" అంటూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ మనిషితో పోట్లాడినన్ని సార్లు నేను మా ఆయనతో కూడా పోట్లాడలేదు.

తెనాలి నుంచి వచ్చి చైతన్యపురిలో బడిపంతులమ్మగా చేరిన కొత్తలో, ఎల్బీ నగర్ వెనక కాలనీలో ఆయన ఇంటి పైపోర్షన్ అద్దెకు తీసుకున్నాం. నల్లగొండ పక్క పల్లె ఆయనది. చాలాకాలం లారీ నడిపి, ఆ తర్వాత డాబర్‌మన్ కుక్కల్ని పెంచడంలో పడ్డారు. పెరట్లో షెడ్లు, భుజం మీద కుక్కల వాసన కొట్టే తువ్వాలు. కుక్కలకు హుకుం ఉర్దూలో, ముద్దు తెలుగులో. కుక్కపిల్లని చూడకముందే రేటు అడిగినవాడికి మంచినీళ్ళిచ్చి పంపేసేవారు.

కుక్కల షోలకు పనికొచ్చే పిల్లల్ని మాత్రం అగ్రిమెంటు లేకుండా ఇచ్చేవారు కాదు. నా చేతిరాత బాగుంటుందని ఆ పని నాకు అంటగట్టారు. ఆయన చెప్పడం, నేను రాయడం. పెద్దయ్యాక పళ్ళ వరస తప్పితే పిల్లని మార్చి ఇస్తానని ఆయన మాట. షోకి తీసుకెళ్తామని, మొదటి ఈతలో ఒక పిల్లని ఆయనకిస్తామని కొన్నవాళ్ళ మాట. కుక్కని ఉంచుకోలేకపోయినా, ఊరు విడిచి వెళ్ళినా ఆయనకే తిరిగి అప్పజెప్పాలనేది ఆఖరి షరతు. ఒకప్పుడు ఆయన అమ్మిన కుక్కని ఎవరో చేతులు మార్చి, ఏదో ఊళ్ళో గోడౌన్ ముందు గొలుసుకి కట్టేశారట. వెతుక్కుంటూ వెళ్ళేసరికి అది మిగల్లేదు. ఆ షరతు అప్పటినుంచి వచ్చింది.

కింద సంతకం ఇంటి యజమాని ఒక్కడు పెడితే ఒప్పుకునేవారు కాదు. ఇంట్లో ఉన్న ప్రతి మనిషీ పెట్టాల్సిందే.

"ఎందుకంకుల్ ఇంత చాదస్తం?" అని నేను విసుక్కుంటే, "రేపు కొడుకు నౌకరని యాడికో పోతడు, కోడలు నాకొద్దంటది. అప్పుడు గా కుక్క ఎవ్వల్ది? అందరు పెడితే అందరిది" అనేవారు.

జూలీ అనే పిల్లని కొన్నది దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే గుంటూరు కుటుంబం. గోధుమరంగు ఆడపిల్ల, ఆయన షెడ్లో పుట్టినవాటిల్లోకెల్లా తీరైనది. తల్లి ఆ కాన్పు తర్వాత చచ్చిపోయింది. ఆ వంశం నిలబడాలంటే ఇక జూలీయే. ఆ ఇంటి పెద్దావిడ పెన్ను పట్టుకుని, "కుక్కకి కూడా నేను పూచీ ఉండాలా బాబూ?" అని నవ్వింది. "పగటిపూట ఇంట్ల ఉండేది నువ్వే గదమ్మా. నీ సంతకమే నాకు గట్టి" అన్నారాయన. అన్నట్టుగానే జూలీ ఆవిడ మనిషైపోయింది. ఆదివారాలు ఆయన వెళ్ళి షో రింగులో ఎలా నడవాలో నేర్పించి వస్తే, మిగతా రోజులు పెద్దావిడ మంచం పక్కనే దాని కాపురం.

ఇంతలో తెలంగాణ ఉద్యమం ముదిరింది. బందులు, రాస్తారోకోలు. షోలు వాయిదా పడుతూ వచ్చాయి. మా సందులో ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు కానీ, మాట్లాడుకునేటప్పుడు అందరం కాస్త చూసుకుని మాట్లాడేవాళ్ళం. ఒకరోజు జూలీవాళ్ళు గుంటూరు వెళ్ళిపోతున్నారని కబురు తెలిసింది. ఆయన పెట్టె తెరిచి అగ్రిమెంటు తీశారు.

"నువ్వు గూడ రా టీచరమ్మా. మీవోళ్ళే గద, నువ్వుంటే మంచిగుంటది."

"సంతకాల రోజు చూడడమే తప్ప వాళ్ళు నాకు తెలీదంకుల్. గుంటూరువాళ్ళంతా నా చుట్టాలేం కాదు" అన్నాను. అంటూనే చెప్పులు వేసుకున్నాను.

బందు రోజు. బస్సుల్లేవు, నడిచే వెళ్ళాం. వాళ్ళింట్లో సామాన్లన్నీ మూటలు కట్టి ఉన్నాయి. ఆయన కాగితం చూపించి, తీసుకున్న సొమ్ము వెనక్కి ఇవ్వబోయారు. ఇంటాయన మొహం ఎర్రబడింది.

"ఈ పరిస్థితుల్లో కూడా కాగితమేనా అండీ? మేం ఆంధ్రావాళ్ళం కాబట్టేగా?"

"గట్లంటరేంది సార్? నా సొంత బామ్మర్దైనా గిదే కాగితం."

అది నిజం. బావమరిది దగ్గర్నుంచి కూడా ఒక కుక్కని అలాగే వెనక్కి తెచ్చుకున్నారు, ఆ ఇంటికి రాకపోకలు కూడా పోయాయి. కానీ ఆ రోజుల్లో, ఆ గదిలో, ఆ మాట ఎవరు నమ్ముతారు?

పెద్దావిడే మంచం దిగింది. "ఇచ్చేయరా. అందరం పెట్టాంగా సంతకం" అని కొడుకుతో అని, జూలీ గిన్నె కడిగి తుడిచి నాకిచ్చింది. తాడు ఆయన చేతిలో పెట్టింది. మళ్ళీ మావైపు చూడలేదు.

ఖాళీ రోడ్డు మీద తిరిగొస్తుంటే జూలీ మాటిమాటికీ ఆగిపోయింది. కొత్తపేట దాటాక ఆయన అడిగారు.

"నేను జేసింది తప్పా టీచరమ్మా?"

"కాగితం ప్రకారం తప్పు కాదంకుల్."

"కాగితం సంగతి నేనడగలే."

ఇప్పటికీ గోడౌన్ గొలుసు గుర్తొస్తే ఆయనది న్యాయమనిపిస్తుంది, ఆ కడిగిన గిన్నె గుర్తొస్తే అనిపించదు.

తెలంగాణాయన ఆంధ్రావాళ్ళ కుక్కని లాక్కొచ్చాడన్న మాట నాలుగు వీధులూ తిరిగి ఆయన చెవిన పడింది. ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు. ఆ తర్వాత వచ్చిన బేరానికి నేను ఆఖరి షరతు దాకా రాసేసరికి చెయ్యి అడ్డుపెట్టి, "గది రాయకు" అన్నారు. మరి కుక్క గతేమిటని అడిగితే, "ఏమో" అన్నారు. అంతకుముందు ఆయన నోట ఏమో అన్న మాట నేను వినలేదు. మొన్న ఆయన్ని చూడడానికి వచ్చినవాళ్ళంతా మొండి మనిషి అని చెప్పుకున్నారు. మొండితనం ఎక్కడ విరిగిందో నాకు తెలుసు.

జూలీ షోకి వెళ్ళలేదు. ఆయన తీసుకెళ్ళలేదు. అది ఈనినప్పుడు అన్నిటికన్నా మంచి పిల్లని ఏరి, బుట్టలో పెట్టుకుని, బస్సెక్కి గుంటూరు వెళ్ళారు. మర్నాడు సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి పెరట్లో నిలబడి ఉన్నారు, బుట్టలో పిల్లతో సహా.

"ముసలామె చానాసేపు ఒళ్ళ పెట్టుకున్నది. కాగితం లేదమ్మా, సంతకం లేదు, ఉంచుకో అన్న. వద్దు బాబూ, ఇంకోసారి తాడు చేతికివ్వడం నావల్ల కాదన్నది. మళ్ళ నా చేతులనే పెట్టింది."

పిల్లని కింద దింపారు. జూలీ వచ్చింది. పిల్లని నాకబోయి ఆగిపోయింది. దాని వీపంతా, పొట్టంతా ముక్కు ఆనించి వాసన చూసింది. పెద్దావిడ వాసన ఇంకా ఉందేమోనని బుట్ట చూసింది, బుట్టలో గుడ్డ చూసింది. చివరికి ఆయన దగ్గరికి వచ్చి అరచేతులు వాసన చూడసాగింది, ఒకటి, మళ్ళీ రెండోది, మళ్ళీ మొదటిది. ఆయన కదలకుండా నిలబడ్డారు. లోపలినుంచి కోడలు కాళ్ళూ చేతులూ కడుక్కుని అన్నానికి రమ్మని పిలుస్తోంది. ఆయన మాత్రం రెండు చేతులూ చాపి, అది చూసినంతసేపూ చూడనిస్తూ అక్కడే ఉండిపోయారు.