సున్నం గీత మీద నిలబడేవాళ్ళు

“ఆగరా! ఆ గీత మీదే! కదిలావంటే పొగైపోతావు!”

గేటు పక్కన స్పీకరులోంచి గొంతు వణికింది. కెమెరాలు బాగుచేసే మేనల్లుడు భుజాన నిచ్చెనతో సున్నం గీత మీద కొయ్యబారిపోయాడు.

“నేనే మావయ్యా!”

“నువ్వేనని నాకెలా తెలుస్తుంది? నవ్వు. ఆ, పళ్ళు కనబడ్డాయి, లోపలికి రా.”

ఆ అపార్ట్‌మెంటుకి సెక్రటరీ అయిన మావయ్యకి ఒకటే జబ్బు: గేటు దాటే ప్రతి ప్రాణినీ కెమెరా ముందు బొమ్మలా నిలబెట్టడం. కుక్కరు కూతేస్తే మంచమెక్కే మనిషి, ఈ విషయంలో మాత్రం పులి. మోసీ మోసీ, ఆగీ ఆగీ తన మెడ భుజాల్లోకి దిగిపోయిందని నీళ్ళ క్యాన్లవాడు వాపోయేవాడు. “మా ఆయన కూడా నన్నింతసేపు చూళ్ళేదు,” అనేది టైలరుగారి కోడలు. వీధి కుక్క సైతం గీత మీద కూర్చుని గానీ లోపలికొచ్చేది కాదు. దానికి మావయ్యంటే గౌరవం, మావయ్యకి అదంటే హడల్.

“సాయంత్రమైతే కెమెరాలో మనుషులు దెయ్యాల్లా సాగిపోతున్నారు, నిలబడకపోతే ఎలా?” అనేవాడు. విసిగిపోయినవాళ్ళంతా కలిసి మేనల్లుణ్ణి పిలిపించారు.

“షట్టరంటే కెమెరాకి కనురెప్ప, మావయ్యా. వెలుతురు చాలకపోతే ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. ఈలోగా మనిషి కదిలితే అంతా ఒకే మరక. వేగం పెంచితే మొహం తేటగా వస్తుంది, కాకపోతే బొమ్మ చీకటవుతుంది. ఓ బల్బు పెడితే సరి.”

“బల్బా! షాకు కొడితే? వద్దురా!”

మేనల్లుడు నిచ్చెనెక్కాడు. బల్బు అక్కడే ఉంది, ఎవరో మరలు వదులు చేశారంతే. బిగిస్తే వెలిగింది. దిగొచ్చి ఆఫీసు గదిలో సెట్టింగులు తెరిస్తే, షట్టరుని ఎవరో చేత్తోనే అన్నిటికన్నా నెమ్మదిలో పెట్టారు. పాస్‌వర్డు తెలిసింది ఒక్క మావయ్యకే.

“ఇది పాడవలేదు మావయ్యా. పాడుచేశారు.”

మేనల్లుడు వేగం పెంచాడు. తెర మీద గేటు గడియతో సహా తేటపడింది. మావయ్య కుర్చీలోంచి లేచిపోయాడు. కుక్కరు కూతకి పడే భయం కాదిది.

“పాతదే పెట్టరా, నీకు పుణ్యముంటుంది. బాగైందని తెలిస్తే ఎవరూ ఆగరు. వాళ్ళు ఆగకపోతే ఆవిడా ఆగదు.”

“ఎవరావిడ?”

మావయ్య తెర వైపు వేలు చూపించాడు. మూడో అంతస్తు నర్సు తల్లి సంచీ పట్టుకుని మెట్లు దిగుతోంది.

“కూతురు డ్యూటీకి వెళ్ళగానే పుట్టింటికి బయల్దేరుతుంది. ఆ ఇల్లెప్పుడో కూలిపోయింది. పోయిన వానల్లో నిజంగానే బల్బు మాడినప్పుడు ఇలాగే వెళ్ళిపోతే కెమెరాలో తెల్లటి మరక తప్ప ఏమీ లేదురా. ఏం చూపించి అడగను? మర్నాడు లారీల రోడ్డు పక్కన దొరికింది.”

“గేటుకి తాళం వెయ్యొచ్చుగా?”

“వేస్తే ఊచలు పట్టుకుని ఏడుస్తుంది. ఆవిణ్ణొక్కదాన్నే ఆపితే మతి పోయినదంటారు. అందర్నీ ఆపితే రూలంటారు. మతి నాకు పోయిందంటారా, అననీ.”

ఆవిడ గీత దాటేసింది. చెయ్యి గడియ మీద పడింది. మావయ్య మైకు అందుకోబోయి, బెదిరి పరిగెడుతుందేమోనని ఆగి, మేనల్లుడి మణికట్టు పట్టుకున్నాడు, గోళ్ళు దిగేలా.

గేటు తెరుచుకుంది. అవతల్నుంచి నీళ్ళ క్యాన్లవాడు గొణుక్కుంటూ లోపలికొచ్చి అలవాటుగా గీత మీద నిలబడ్డాడు. ఆవిడ వాణ్ణి చూసింది. రోడ్డు వైపు చూసింది. వెనక్కొచ్చి వాడి పక్కన నిలబడి, జుట్టు సర్దుకుని నవ్వింది. బుగ్గ మీది పుట్టుమచ్చతో సహా తెర నిండా ఆవిడే.

మావయ్య మైకు మీద పడ్డాడు. “ఫోటో భేషుగ్గా వచ్చిందండీ అక్కయ్యగారూ! మీ అమ్మాయి వచ్చాక చూపిద్దాం.”

“ఈసారి కళ్ళు మూయలేదుగా తమ్ముడూ?”

“లేదండీ, దీపాల్లా ఉన్నాయి!”

ఆవిడ సంతోషంగా మెట్ల వైపు తిరిగింది. మావయ్య కుర్చీలో కూలబడ్డాడు.

“వేగం ఇలాగే ఉంచుతాను,” అన్నాడు మేనల్లుడు. “ఖర్మ కాలి ఎప్పుడైనా ఆగకుండా వెళ్ళినా, చూపించడానికి మొహముంటుంది.”

“మరి బాగైందా అని వీళ్ళంతా అడిగితే?”

“నావల్ల కాలేదంటాను.”

“నీ పేరు పోతుందిరా!”

“పోనీ. మీ మతికి తోడుగా ఉంటుంది.”

మావయ్య కళ్ళు తుడుచుకుని, మళ్ళీ తెరలోకి తొంగిచూసి ఉలిక్కిపడ్డాడు.

“ఒరేయ్, ఆవిడ మెట్ల మీద కూర్చుని గేటే చూస్తోంది. నువ్వు వెళ్ళేటప్పుడు గీత మీద కాస్త ఎక్కువసేపే నిలబడు. నిచ్చెన మొహానికి అడ్డం రానివ్వకు. నవ్వడం మర్చిపోకు, పళ్ళు కనబడాలి.”