ఎర్ర టేపు బ్యాటరీలు

ముప్ఫై ఏళ్ళుగా తలుపులు బిగించే పనిలో ఉన్నాడని వీధి వీధంతా ఆయన్ని తలుపుల బాబాయి అంటుంది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఒళ్ళు హూనమై ఉంటుంది. చెప్పులు విడిచి గోడకి జారగిలబడ్డాడంటే, భార్య తెచ్చిన మంచినీళ్ళు అందుకోవడానికి కూడా చెయ్యి లేవదు. ఆవిడ ఏం చెప్పినా "ఊఁ" అంటాడు. అంతకు మించి మాట పెగలదు.

ఆవిడకి ఉబ్బసం. మందుని ఆవిరిలా చేసి పీల్పించే మిషన్ ఒకటి మంచం పక్కనే ఉంటుంది. కరెంటు పోతే అది ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. అందుకని బాబాయి ఓ ఏర్పాటు చేశాడు. డ్రిల్లు మిషన్ బ్యాటరీ తగిలిస్తే చాలు, ఇంటి కరెంటు ఇచ్చే చిన్న ఇన్వర్టర్ డబ్బా కొన్నాడు. రెండు బ్యాటరీలకి ఎర్ర టేపు చుట్టి, "ఇవి ఇంటివి, ఎవరూ ముట్టుకోకండి" అన్నాడు. ఇంట్లో ఉన్నదే ఇద్దరు. ఆ ఎవరూ ఎవరో ఆవిడకి అర్థం కాలేదు.

ఆయన చెప్పని సంగతి ఒకటుంది. పనిలో అరిగి అరిగి, గట్టి చెక్కలోకి స్క్రూ దించలేక చేతులెత్తేసిన బ్యాటరీలకే ఆయన ఆ టేపు చుట్టాడు. కొత్తవి పనికి, పాతవి ఇంటికి. తోటి పనివాళ్ళందరూ చేసేది అదే. నెలకోసారి చార్జింగ్ పెట్టి, చిన్న బల్బు వెలిగించి చూసేవాడు. వెలిగేది. బ్యాటరీ మీద చార్జింగు చూపించే నాలుగు గీతలూ నిండుగా కనిపించేవి. ఇంకేం కావాలి?

గాలివాన వచ్చిన రోజు పొద్దున్నే కరెంటు పోయింది. పనీ లేదు. పదకొండింటికి ఆవిడకి ఆయాసం మొదలైంది. బాబాయి ధీమాగా ఎర్ర టేపు బ్యాటరీ తగిలించి మిషన్ వేశాడు. అది ఒకసారి గుర్రుమని ఆగిపోయింది. రెండోదీ అంతే. బల్బుని వెలిగించిన బ్యాటరీలు మోటారుని తిప్పలేకపోయాయి. ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి.

మంచి బ్యాటరీలేమో పని జరుగుతున్న ఇంట్లో, పనిముట్ల పెట్టెలో ఉన్నాయి. మొయ్యలేక నిన్న అక్కడే వదిలేసి వచ్చాడు. పక్కింటి పిన్నిని భార్య దగ్గర కూర్చోబెట్టి, మోకాటి లోతు నీళ్ళలో పడి వెళ్ళాడు. వెళ్ళి రావడానికి నలభై నిమిషాలు పట్టింది. దారి పొడుగునా తనని తాను తిట్టుకుంటూనే ఉన్నాడు.

వచ్చేసరికి ఆవిడ మంచం పట్టె పట్టుకుని ముందుకి వంగి కూర్చుంది. పెదవులు పాలిపోయాయి. కొత్త బ్యాటరీ తగిలించగానే మిషన్ అందుకుంది. పావుగంటకి ఆవిడ మూతికున్న గొట్టం తీసి, నేల మీదున్న ఎర్ర టేపు బ్యాటరీల వైపు చూసింది.

"పాతవా?"

"ఊఁ."

"మంచివన్నీ పనికి, ఓపిక అయిపోయినవి ఇంటికి." కాసేపు ఊపిరి తీసుకుంది. "మీరూ అంతేగా."

కోపంగా అని ఉంటే ఆయన కూడా నాలుగు మాటలు అనేవాడు. ఆవిడ మామూలుగా అంది. బాబాయికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మూడో రోజుకి వాన వెలిసింది. టేపు విప్పి కొత్తవాటికి చుట్టి, పాతవి తీసుకుని పనికి వెళ్ళాడు. అయిదారు స్క్రూలకే డ్రిల్లు మూలుగుతుంటే మేస్త్రీ విసుక్కున్నాడు. "ఏంటి బాబాయ్, మంచివి ఏం చేశావ్?"

"ఇంట్లో ఉన్నాయి."

మూడింటికల్లా రెండూ పూర్తిగా దిగిపోయాయి. మేస్త్రీ గొణుగుతూనే ఉన్నాడు, బాబాయి పెట్టె సర్దుకుని వచ్చేశాడు.

తలుపు తీసిన భార్య కంగారుపడింది. "ఎండ ఉండగానే వచ్చేశారేంటి? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. బ్యాటరీలు అయిపోయాయి." నీళ్ళు అందుకుని తాగాడు. ఆవిడ పక్కకి కుర్చీ లాక్కున్నాడు. "ఏదైనా చెప్పు, వింటాను."

రోజూ చెబుదామనుకుని మింగేసిన మాటలు ఆవిడ దగ్గర బోలెడున్నాయి. తీరా అడిగేసరికి ఒక్కటీ గుర్తు రాలేదు.