మొగిలి దుకాణంలో గ్యాస్ వాసన

మొగిలికి బండి అప్పజెప్పడమే గానీ తిరిగి తెచ్చుకోవడం మన చేతిలో ఉండదని తెలిస్తే, మా నాన్న పాత జెన్ కారుకు గ్యాస్ కిట్టు పెట్టించే పని పెట్టుకునేదాన్నే కాదు. చెప్పినవాళ్లు లేకపోలేదు. మా ఆఫీసు రాత్రి షిఫ్టు క్యాబ్ నడిపే నరేందర్ ఆ దుకాణం అడ్రసు ఇస్తూనే, "పని మస్తు చేస్తడు మేడమ్, గని బండి జల్ది ఇయ్యడు" అన్నాడు. మొదటి ముక్క విని సంబరపడి, రెండో ముక్క చెవిన వేసుకోలేదు.

మా నాన్న చలపతిరావు. కాకినాడలో ఉద్యోగం చేసి రిటైరయ్యాక నల్లగండ్లలో నా దగ్గరే ఉంటున్నారు. వచ్చేటప్పుడు మంచాలూ బీరువాలూ అమ్మేసి ఆ కారొక్కటే నడుపుకుంటూ తెచ్చుకున్నారు. నేను హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. ఎవరో రాసిన ప్రోగ్రాములో తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఇంట్లోనూ అదే పని చేస్తానని నాన్న దెప్పుతుంటారు. ఆ జెన్‌లోనే రోజూ ఆఫీసుకు వెళ్లి వస్తాను. కొండాపూర్ దాటి సిగ్నళ్ల దగ్గర అది తాగే పెట్రోలు చూస్తే నాకు ఒళ్లు మండేది. కొత్త కారు కొందామంటే నాన్న అలిగి అన్నం మానేసేంత పని చేశారు. చివరికి ఇద్దరం గ్యాస్ దగ్గర రాజీపడ్డాం.

మొగిలి దుకాణం బాలానగర్‌లో, లేత్ మిషన్ల షెడ్ల వెనకాల ఒక సందులో ఉంది. యాభై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా, భుజాలు కాస్త ముందుకు వంగి ఉంటాడు. జనగామ పక్క పల్లె నుంచి చిన్నప్పుడే వచ్చి, ఇక్కడి ఫ్యాక్టరీల్లో చేరి, తర్వాత కార్ల కార్బొరేటర్లు బాగుచేసి, ఆటోలన్నీ గ్యాస్‌కు మారుతున్న రోజుల్లో ఆ పని నేర్చుకున్నాడు. ఇల్లు బోరబండలో. భార్య రుక్కమ్మ పొద్దున్నే అన్నం గిన్నెతో ఆయన వెంటే వచ్చి, సాయంత్రం ఆయన వెంటే పోతుంది. ఆమెకు దుకాణంలో ఏం పని అని మొదట నాకు అర్థం కాలేదు. పాత టైరు మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తూ ఉండేది.

ఆ దుకాణంలో దేవుడి పటం ఉంది, దీపం లేదు. అగరొత్తి లేదు. సందు మొదట్లో నిలబడి బీడీ తాగుతున్న పక్క షెడ్డు మనిషిని కూడా మొగిలి కేకలేసి తరిమేవాడు.

కిట్టు బిగించడం అనుకున్న రోజుకే అయిపోయింది. డిక్కీలో ట్యాంకు, కింద నుంచి రాగి గొట్టం, బానెట్ లోపల దాని సరంజామా, స్టీరింగ్ పక్కన పెట్రోలుకూ గ్యాస్‌కూ మార్చుకునే చిన్న స్విచ్చి. గ్యాస్ నింపుకొచ్చి స్టార్ట్ చేసి చూపించాడు. ఇంజను మెత్తగా పలికింది. నేను తాళం కోసం చెయ్యి చాపాను.

"ఒక్క నిమిషం మేడమ్" అన్నాడు మొగిలి. బకెట్లో సబ్బునీళ్లు చిలికి, ఆ నురగను కుంచెతో ప్రతి అతుకు మీదా పూశాడు. గ్యాస్ కారితే నురగ బుడగలు కట్టాలి. ఎక్కడా కట్టలేదు. మళ్లీ పూశాడు. మోకాళ్ల మీద కూర్చుని డిక్కీలో తల పెట్టి పీల్చాడు. ముఖం పాలిపోయింది.

"వాసనొస్తుంది" అన్నాడు.

నేనూ వంగి చూశాను. కొత్త రబ్బరు వాసన తప్ప ఏమీ లేదు. ఆ మాటే అంటే వినలేదు. "రేపు రండి మేడమ్, జర చూస్త" అన్నాడు. మర్నాడు వెళ్తే మళ్లీ అదే తంతు. ఆ మర్నాడూ అంతే. ఊళ్లో ఉన్న క్యాబుల వాళ్లందరికీ ఫోన్లు చేసుకుంటూ ఆఫీసుకు తిరుగుతున్నాను, నాన్నేమో కారు ఏదని పోరు. మూడోసారి నాకు తిక్క రేగి గట్టిగానే అరిచాను. మొగిలి లోపలికి వెళ్లిపోయాడు. రుక్కమ్మ చిక్కుడుకాయల చాట పక్కన పెట్టి నన్ను సందు చివరికి తీసుకెళ్లింది.

"ఆయన మీద కోపం జెయ్యకు బిడ్డా. మా వేణు పోయిన కాడి నుంచి గిట్లనే" అంది.

వేణు మొగిలి తమ్ముడు. తల్లి పోతే పసివాడిగా ఉన్నప్పుడే అన్న దగ్గరికి వచ్చాడు. రుక్కమ్మే స్నానం చేయించి, అన్నం తినిపించి పెంచింది. వాళ్లకు పిల్లలు లేరు, ఉన్నదల్లా వాడే. పెద్దయ్యాక దుకాణంలో అన్నకు కుడి చెయ్యి అయ్యాడు. అప్పట్లో వీళ్ల దగ్గర ఒక పద్ధతి ఉండేది. ముందు సబ్బు నురగ, తర్వాతే పూజ. కిట్టు పెట్టిన ప్రతి బండికీ చక్రాల కింద నిమ్మకాయలు, ముందర కొబ్బరికాయ, కర్పూర హారతి అక్కడే జరిగేవి. గిరాకీలు అడిగేవాళ్లు, వేణుకు ఆ పని ఇష్టం కూడా.

ఒక దసరాకు ఒక పెద్దమనిషి తొందరపెట్టాడు. కాసేపట్లో వర్జ్యం వస్తోంది, ముందు పూజ కానిచ్చేద్దాం, మీ సబ్బునీళ్ల సంగతి తర్వాత చూసుకోండి అన్నాడు. పండగ పూట కాదనలేక మొగిలి సరేనన్నాడు. కొత్త ట్యాంకుకు కూడా బొట్టు పెట్టి హారతి ఇవ్వమని ఆ పెద్దమనిషే డిక్కీ తీశాడు. వేణు పళ్లెం పట్టుకుని లోపలికి వంగాడు. ఒక అతుకు దగ్గర గ్యాస్ కారి, డిక్కీ అడుగున నిండి ఉంది.

"దవాఖానల ఆకరి దినం గూడ నన్నే అడిగిండు, బండికేం గాలే గదా వదినా అని" అంది రుక్కమ్మ. కళ్లు తుడుచుకోలేదు. ఆ కళ్లల్లో నీళ్లు కూడా లేవు.

అప్పటి నుంచి మొగిలికి ఎప్పుడూ గ్యాస్ వాసన వస్తూనే ఉంటుంది. ఇంట్లో, బస్సులో, అన్నం పళ్లెంలో. ముక్కు డాక్టరు ముక్కులో ఏమీ లేదన్నాడు. నురగ బుడగ కట్టదు, ఆయన ముక్కు ఒప్పుకోదు. అలాంటప్పుడు ఆయన రుక్కమ్మను పిలుస్తాడు. ఆమె వచ్చి వాసన చూసి లేదంటుంది. ఆ ఒక్క మాట మీదే బండి తాళం గిరాకీ చేతికి వెళ్తుంది. ఆమె అందుకే రోజూ దుకాణానికి వస్తుంది.

"ఈమధ్య నా మాట గూడ నమ్ముతలేడు. మీ బండి గూడ ఇయ్యలేకపోతే దుకాణం మూస్త అంటున్నడు. గా పని తప్ప ఇంకో పని రాదు ఆయనకు. ఇంట్ల కూసుంటే ఏమైపోతడో అని పరేషాన్ అయితున్న" అంది.

నాకు తప్పులు పట్టడం వచ్చు. తప్పు లేదని ఒక మనిషిని నమ్మించడం నాకూ రాదు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చేశాను.

శనివారం ఉదయం మొగిలి ఫోన్ చేసి రమ్మన్నాడు. నాన్న కూడా బయల్దేరారు. చేతిసంచిలో కొబ్బరికాయలు, నిమ్మకాయలు, పసుపు, కుంకుమ, కర్పూరం, ఇత్తడి పళ్లెం. నేను వేణు సంగతి చెప్పి, అక్కడ నిప్పు వెలిగించనివ్వరన్నాను. "అయ్యో పాపం" అన్నారు. ఆ తర్వాత, "దుకాణంలో వద్దు, బయట రోడ్డు మీద వెలిగిస్తే ఆయనకేం? హారతి లేకుండా బండిని ఎలా తీస్తామే?" అన్నారు. మా నాన్నతో వాదించి గెలిచినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు.

కారు అప్పటికే సందులో బయటికి తీసి ఉంది. డిక్కీ తెరిచి ఉంది. అతుకుల మీద నురగ ఇంకా ఆరలేదు. ఒక్క బుడగ లేదు. మొగిలి కుంచె కింద పెట్టాడు.

"రుక్కమ్మా, ఒకపాలి చూడే" అన్నాడు.

ఆమె వచ్చి వంగి చూసింది. "లేదు" అంది.

"మంచిగ చూడు."

"లేదంటున్న గదా. తాళం ఇచ్చెయ్యి."

మొగిలి తాళం తీసి అరచేతిలో పెట్టుకున్నాడు గానీ ఇవ్వలేదు. ఈలోగా నాన్న పళ్లెంలో కర్పూరం పెట్టేశారు. "ఆవిడే లేదంటున్నారు కదండీ, ఇంకా ఆలస్యం దేనికి? పదకొండు దాటితే వర్జ్యం వచ్చేస్తుంది. ట్యాంకుకు కూడా ఒక బొట్టు పెట్టేసి హారతి ఇచ్చేస్తాను" అంటూ డిక్కీ ముందుకు వచ్చి వంగారు. పళ్లెం డిక్కీ అంచున ఆనించి, జేబులోంచి అగ్గిపెట్టె తీశారు. నేను "నాన్నా!" అనేలోపే పుల్ల పెట్టె అంచుకు ఆనింది.

రుక్కమ్మ ఎగిరి పళ్లెం మీద ఒక్క దెబ్బ కొట్టింది. ఇత్తడి పళ్లెం రోడ్డు మీద గిర్రున తిరిగింది. కుంకుమంతా నాన్న పంచె మీద పడింది.

"ముట్టియ్యకుర్రి సారూ! వాసనొస్తుంది! నాకు గూడ వస్తుంది!"

పక్క షెడ్ల వాళ్లు పరిగెత్తుకొచ్చారు. ఒకతను గ్యాస్ కారితే పసిగట్టే చిన్న మిషన్ తెచ్చి డిక్కీలో, కారు కింద, బానెట్లో అంతటా తిప్పాడు. అది కుయ్యిమనలేదు. ఇంకొకతను కొత్తగా నురగ పూశాడు. ఏమీ లేదు. నేను డిక్కీలో తల పెట్టి గట్టిగా పీల్చాను. రబ్బరు, సబ్బు, కొంచెం పసుపు. అంతే.

మొగిలి అవేవీ చూడలేదు. భార్య ముఖంలోకే చూస్తున్నాడు.

"ఇయ్యాలనే వచ్చిందా?" అని అడిగాడు.

"రోజూ వస్తది."

"ఎప్పటి సంది?"

"ఎప్పటి సంది ఏందయ్యా. నీకు ఎప్పటి సందో నాకూ గప్పటి సందే. అన్నం ఉడుకుతుంటే వస్తది. వాని అంగీలు తీస్తే వస్తది."

"మరి రోజూ లేదంటివి గదనే!"

"అనకపోతే ఎట్ల? ఇద్దరం వస్తుందంటే ఏ బండన్న బైటికి పోవునా? నువ్వు మంచిగుంటవని అన్న."

మొగిలి చక్రం పక్కన నేల మీద కూలబడ్డాడు. అంత పొడుగు మనిషి అక్కడ చిన్నపిల్లాడిలా కనిపించాడు. "నాకే పిచ్చి లేసిందనుకున్న రుక్కీ. ఇన్నేండ్లు నేనొక్కన్నే అనుకున్న. వాడు నన్నొక్కన్నే పట్టుకున్నడు, నా మీదనే వానికి కోపం అనుకున్న" అన్నాడు. అని, అందరి ముందూ భోరున ఏడ్చాడు. రుక్కమ్మ కూడా పక్కనే కూర్చుంది. ఆయనను ఓదార్చలేదు. తనూ ఏడ్చింది. అంతకు ముందు సందు చివర పొడిగా ఉన్న ఆ కళ్లు ఇప్పుడు ఆగలేదు.

నాకు భయం వేసింది. దయ్యాల భయం కాదు. ఒకే ఇంట్లో, ఒకే చాప మీద పడుకునే ఇద్దరు మనుషులు, ఒకే వాసనను ఒకరికి తెలియకుండా ఒకరు అన్నాళ్లు మోశారంటే భయం వేసింది. పళ్లెం నాన్నదైనా, ఆమె కొట్టింది వేణు చేతిలోని పళ్లేన్నేనని నాకు తెలుసు.

మా నాన్న రోడ్డు మీద చెల్లాచెదురైన కర్పూరం బిళ్లలు ఒక్కొక్కటీ ఏరి సంచిలో వేసుకున్నారు. వర్జ్యం మాట మళ్లీ ఎత్తలేదు. కొబ్బరికాయ కూడా కొట్టలేదు. చాలాసేపటికి మొగిలి లేచి ముఖం కడుక్కుని, నా చేతిలో తాళం పెట్టాడు. "మిషన్ లేదంటుంది, మీరు లేదంటున్రు. తీస్కపోర్రి మేడమ్" అన్నాడు. ఇంటికి వచ్చేదాకా నేనూ నాన్నా అద్దాలన్నీ దించుకునే కూర్చున్నాం. ఎందుకని ఇద్దరం అడగలేదు.

బండి చక్కగా నడుస్తోంది. గ్యాస్ బంకులో ఆటోల వెనక వరుసలో నిలబడటం ఒక్కటే తలనొప్పి. కొన్ని నెలల తర్వాత సర్వీసింగుకు మళ్లీ బాలానగర్ వెళ్లాను. దుకాణం మూసేసి ఉంటుందేమోనని దారంతా గుబులుగానే ఉంది. తెరిచే ఉంది. మొగిలి ఎవరిదో పాత శాంట్రో పని ముగిస్తున్నాడు. మాదాపూర్‌లో ఉద్యోగం చేసే కుర్రాడట, మెడలో కార్డు వేలాడుతూ, ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు. అతుకులకు నురగ పూయడం అయింది. పక్క షెడ్డు మిషన్ తిప్పడమూ అయింది. మొగిలి డిక్కీలోకి వంగి పీల్చి, రుక్కమ్మను పిలిచాడు. ఆమె వచ్చి తనూ పీల్చింది.

"వస్తుందా?" అన్నాడు.

"వస్తుంది" అంది రుక్కమ్మ.

"నాకూ వస్తుంది" అన్నాడు మొగిలి. అని, తీరిగ్గా డిక్కీ మూసి, తాళం తీసుకెళ్లి ఆ కుర్రాడి చేతిలో పెట్టాడు.

కుర్రాడు బెదిరిపోయి రెండడుగులు వెనక్కి వేశాడు. "వాసన వస్తోందంటున్నారు కదా, మళ్లీ తాళం ఇస్తారేంటి?"

"ఫికర్ జెయ్యకుర్రి సార్" అన్నాడు మొగిలి. "అది మీ బండిది గాదు. మా ఇంటిది."